దుఃఖం ఎవరి సొత్తు?

అరకులోయలో నేను పనిచేసే కళాశాలలో తెలుగు తరగతికి వచ్చే విద్యార్థులు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడరు. కొందరిది ఆదివాసీ ఒరియా, కొందరిది కువి, కొందరిది గదబ. తెలుగు వాళ్ళకు బడిలో వచ్చిన భాష. అంచేత మనం అలవాటు కొద్దీ దాటిపోయే మాటల దగ్గర వాళ్ళు ఆగుతారు, అర్థం అడుగుతారు. ఈ వ్యాసానికి కారణం అటువంటి ఒక ప్రశ్న.

ఆ రోజు ఆత్మకథలను గురించి చెబుతున్నాను. గొల్లపూడి మారుతీరావు ఆత్మకథ పేరు "అమ్మ కడుపు చల్లగా" అని చెప్పగానే వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "కడుపు చల్లగా అంటే ఏమిటి సార్?" అంది. బిడ్డలు బతికి బాగుంటే తల్లి కడుపు చల్లగా ఉంటుందంటాం, బిడ్డ పోతే కడుపుకోత అంటాం అని చెప్పాను. చేతికందిన కొడుకును ఆయన పోగొట్టుకున్న సంగతీ, ఆ కొడుకు పేర బహుమతి నెలకొల్పిన సంగతీ చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఆయన కొడుకు పోతే బహుమతి పెట్టారు, మీరు పాఠం చెబుతున్నారు. మా అన్న డోలీలో పోయాడు. మా అమ్మ కడుపు సంగతి ఎవరికి కావాలి సార్?" అంది.

నేను చదువుకున్న జవాబు చెప్పాను. రచయిత తన దుఃఖాన్ని రాసినప్పుడు అది అతనొక్కడిది కాకుండా పోయి అందరిదీ అవుతుందనీ, దీన్నే మన ఆలంకారికులు సాధారణీకరణం అన్నారనీ చెప్పాను. ఆ అమ్మాయి కూర్చుంది. ఒప్పుకుని కూర్చోలేదని నాకు తెలుసు. ఆమెకు ఇవ్వలేకపోయిన జవాబును ఇక్కడ వెతుకుతున్నాను.

ముందు గొల్లపూడి సంగతి చూద్దాం. ఆయన 1939లో విజయనగరంలో పుట్టాడు, విశాఖలో చదువుకున్నాడు. పత్రికలో పనిచేశాడు, ఆకాశవాణిలో ఇరవై యేళ్ళు ఉద్యోగం చేశాడు. నాటకాలు, నవలలు, కథలు రాశాడు. 1964లో "డాక్టర్ చక్రవర్తి"తో సినిమా రచయిత అయ్యాడు. 1982లో, నలభై దాటిన తర్వాత, "ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య"తో నటుడయ్యాడు. ఆ పైన రెండువందలకు మించి సినిమాల్లో నటించాడు. 2019 డిసెంబరులో చెన్నైలో కన్నుమూశాడు. ఆయన అభ్యుదయ శిబిరపు రచయిత కాడు. ఆయన అభిప్రాయాలు మనలో చాలామందికి రుచించవు. ఆ సంగతి దాచిపెట్టి రాయవలసిన అవసరం లేదు. శిబిరం వేరయినంత మాత్రాన మనిషి గుండె వేరుగా ఉండదు.

1987లో వచ్చిన "సంసారం ఒక చదరంగం"లో ఆయన ఒక మధ్యతరగతి తండ్రి వేషం వేశాడు. ఇంటికి అడ్డంగా గీత గీసి, కొడుకుతో పొత్తు తెంచుకున్న తండ్రి అది. ఆ తండ్రిలో తమ తండ్రిని చూసుకోని తెలుగు కుటుంబం లేదని అప్పట్లో ప్రేక్షకులు అనుకున్నారు. అయిదేళ్ళ తర్వాత, 1992 ఆగస్టు 12న, ఆయన కుమారుడు శ్రీనివాస్ తన మొదటి సినిమా "ప్రేమ పుస్తకం"కు దర్శకత్వం వహిస్తూ, చిత్రీకరణలోనే ప్రమాదంలో మరణించాడు. మిగిలిపోయిన సినిమాను తండ్రే పూర్తిచేశాడు. అది 1993లో విడుదలయింది. తర్వాత ఆ కుమారుడి పేరిట ఒక జాతీయ పురస్కారం నెలకొల్పి, మొదటి సినిమా తీసిన దర్శకులకు ఆ ఆగస్టు 12వ తేదీనే ఇస్తూ వచ్చారు. "తారే జమీన్ పర్" తీసిన ఆమిర్ ఖాన్ ఆ పురస్కారం అందుకున్నవారిలో ఒకడు.

వేషంలోని తండ్రి ఏడిస్తే ప్రేక్షకుడు టిక్కెట్టు కొనుక్కుని ఏడుస్తాడు. నిజం తండ్రి ఏడుపు వేరు. అయితే పేరున్న నటుడి విషయంలో ఈ రెంటికీ మధ్య గోడ పలచన. అతని ఇంట్లో చావు జరిగితే లోకం దాన్ని కూడా ఒక దృశ్యంగానే చూస్తుంది. అతను ఏడిస్తే నటన అనేవారుంటారు. ఏడవకపోతే గుండె రాయి అనేవారుంటారు. కీర్తి మనిషికి ఇచ్చేవాటిలో చాలా ఉన్నాయి గాని, ఒంటరిగా కూర్చుని ఏడ్చే చోటు మటుకు వాటిలో లేదు.

ఇప్పుడు మన విమర్శకుల మాట. సొంత ఇంటి దుఃఖాన్ని రాసుకోవటం వైయక్తిక సాహిత్యం, అది మధ్యతరగతి ఆత్మరతి, దానితో ప్రజలకు పనిలేదు అనే వాదం మనలో ఒకప్పుడు గట్టిగా ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఈ వాదం చేసేవారు మార్క్స్ ఇంటిని ఒకసారి తలచుకోవాలి. 1852లో లండన్‌లో ఆయన పసిబిడ్డ ఫ్రాన్సిస్కా చనిపోయినప్పుడు శవపేటికకు డబ్బు లేదు. పొరుగున ఉన్న ఒక ఫ్రెంచి కాందిశీకుడు రెండు పౌన్లు ఇస్తే ఆ పని జరిగింది. ఆ సంగతి రాసిపెట్టింది ఆ బిడ్డ తల్లి జెన్నీ. మూడేళ్ళ తర్వాత ఎనిమిదేళ్ళ కొడుకు ఎడ్గార్ పోయాడు. జెన్నీ రాసిన ఆ నాలుగు మాటల్లో ఆనాటి ప్రవాస విప్లవకారుల బతుకు ఎంత తెలుస్తుందో, ఎన్ని సిద్ధాంత గ్రంథాలు చదివినా అంత తెలియదు. అలాగే హిందీ కవి నిరాలా, 1935లో కూతురు సరోజ పోయినప్పుడు, ఆమె స్మృతిలో ఒక దీర్ఘకవిత రాశాడు. తండ్రిగా తాను ఆ పిల్లకు ఏమీ చెయ్యలేకపోయాననే నింద అందులో ఉంది. ఆ నిందలో కవి పేదరికం ఉంది, కులం కట్టుబాట్లున్నాయి, ఆనాటి సాహిత్యలోకపు నిరాదరణ ఉంది. సొంత దుఃఖాన్ని నిజాయితీగా తవ్వితే అడుగున సమాజమే తగులుతుంది. అంచేత దుఃఖం వైయక్తికమా సామాజికమా అనేది నా దృష్టిలో తప్పు ప్రశ్న.

మరి సరైన ప్రశ్న ఏది? ఆ అమ్మాయి అడిగిందే. ఎవరి దుఃఖానికి చోటు దొరుకుతుంది, ఎవరి దుఃఖానికి దొరకదు?

నేను ఆమెకు చెప్పిన సాధారణీకరణం జవాబును తర్వాత నేనే పరీక్షించి చూసుకున్నాను. మన కావ్యశాస్త్రం కరుణకు మూలంగా చెప్పే కథ అందరికీ తెలిసిందే. బోయవాడు జంటపక్షుల్లో ఒకదాన్ని కొట్టాడు, రెండోది ఏడ్చింది, వాల్మీకి శోకం శ్లోకమయింది. ఈ కథను నేను ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. అరకులో చెప్పటం మొదలుపెట్టిన తర్వాతనే నాకొక సంగతి తట్టింది. ఆ కథలో పక్షి దుఃఖానికి కవి ఉన్నాడు. నిషాదుడికి శాపం ఉంది. అతని ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగిందా, అతని పిల్లలు తిన్నారా అని అడిగినవారు లేరు. మన ఆదికావ్యానికి పునాది అయిన కరుణ అడివి మనిషి గడపదాకా వెళ్ళలేదు. అందరిదీ అయిందని మనం చెప్పే దుఃఖంలో ఆ "అందరు" ఎవరో లెక్కపెట్టుకోవాలి.

1936లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల మహాసభకు అధ్యక్షత వహిస్తూ ప్రేమ్‌చంద్, అందాన్ని కొలిచే కొలతలే మారాలని వాదించాడు. అందం కొలతలు కొంతవరకు మారాయి. శ్రామికుడి చెమటలో అందం చూడటం మనం నేర్చుకున్నాం. దుఃఖాన్ని కొలిచే కొలతలు మారాయా? పత్రిక తిరగేస్తే తెలుస్తుంది. పేరున్నవాడి ఇంట్లో మరణం మొదటి పేజీ. కొండమీద మరణం జిల్లా పేజీలో నాలుగు లైన్లు, అందులోనూ "గిరిజనుడు మృతి" అని ఉంటుంది. ఇంకా ఘోరం, ఈ కొండలవాళ్ళ సంతోషానికి దొరికే చోటు కూడా వాళ్ళ పేరు లేకుండానే దొరుకుతుంది. అరకు వచ్చిన సినిమావాళ్ళు థింసా ఆడే ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి పాట తీసుకుంటారు. ముందు నిలబడిన నటికి పేరుంటుంది. వెనక చేతులు పట్టుకుని అడుగులు వేసినవారు తెరమీద ఉంటారు గాని పేర్లలో ఉండరు. పేరే లేనివారి దుఃఖానికి పుస్తకం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంతవరకూ వచ్చాక ఒక తేలిక దారి కనిపిస్తుంది. నటుడి దుఃఖం బూర్జువా దుఃఖం, దాన్ని కొట్టిపారేసి కొండవాళ్ళ దుఃఖాన్ని పైకెత్తుదాం అనటం. నేను ఆ దారిన పోను. కొడుకు పోయిన తండ్రి దగ్గరకు వెళ్ళి, నీకంటే పేదవాడి కొడుకు పోయాడు గనక నువ్వు ఏడవకు అనటం అభ్యుదయం అనిపించుకోదు. ఒకరి దుఃఖాన్ని తగ్గించి ఇంకొకరి దుఃఖాన్ని పెంచలేం. నా విద్యార్థిని కూడా ఆయన ఏడవకూడదనలేదు. తన తల్లిని కూడా లెక్కలో వెయ్యమంది.

ఈ లెక్క ఎలా వెయ్యాలో గొల్లపూడి నాటకమే ఒకటి చెబుతుంది. "కళ్ళు" అనే ఆ నాటకం 1988లో ఎం.వి. రఘు దర్శకత్వంలో సినిమాగా కూడా వచ్చింది. కొందరు గుడ్డి బిచ్చగాళ్ళు. తమలో ఒకడికి చూపు తెప్పించటానికి అందరూ చిల్లర డబ్బులు పోగుచేస్తారు. చూపు వచ్చినవాడు తోటివారిని మరిచిపోతాడు. నాకు తెలిసినంతలో కీర్తిని గురించి మన భాషలో ఇంతకంటే సూటి అయిన వ్యాఖ్య లేదు. నటుడి కీర్తి ఎక్కడినుంచి వస్తుంది? నేల టిక్కెట్టు కొన్నవాడి చిల్లరలోనుంచి వస్తుంది. లక్షలమంది తలా కాస్తా వేస్తేనే ఒకడికి పేరు. ఆ పేరు వల్లనే అతని గొంతు పదిమందికీ వినిపిస్తుంది, అతని కన్నీరు కూడా పదిమందికీ కనిపిస్తుంది. అంచేత కీర్తి ఉన్నవాడి దుఃఖంలో, పోగుచేసి ఇచ్చినవారికి కొంత భాగం ఉంది. అతను రాయాలి. రాసేటప్పుడు తక్కినవాళ్ళు తన వెనక చీకట్లోనే ఉన్నారని గుర్తుంచుకోవాలి. నటుడికే కాదు, చదువుకుని నాలుగు ముక్కలు రాయనేర్చిన మనందరికీ ఈ మాట వర్తిస్తుంది. మన చదువు కూడా పోగుచేసిన చిల్లరే.

ఇంకొక చిక్కు ఉంది. ఇంటి దుఃఖం రచయిత ఒక్కడిదీ కాదు. కొడుకు పోయినప్పుడు తండ్రి పేరే పత్రికల్లో వస్తుంది. తల్లి ఉంటుంది, అన్నదమ్ములుంటారు. నవమాసాలు మోసినామెకు పుస్తకం రాసే అలవాటు లేకపోతే ఆమె దుఃఖం భర్త పుస్తకంలో ఒక పేరాగా మిగులుతుంది. తెలుగువాడు బిడ్డ క్షేమాన్నీ, బిడ్డ చావునూ రెంటినీ తల్లి కడుపుతోనే చెప్పాడు. భాష నిజం చెప్పింది. అయితే ఆ కడుపును గురించి రాసే కలం మటుకు ఎక్కువగా మగవాడి చేతిలోనే ఉంటూ వచ్చింది. కుటుంబాన్ని గురించి రాసే ప్రతి రచయితా తనది కాని సొత్తును కూడా ఖర్చుపెడుతున్నాడు. ఎంత గొప్పవాడయినా ఆ అప్పు ఒప్పుకోవాలి.

దుఃఖాన్ని ఏం చెయ్యాలి అనే దానికి ఈ కొండల్లో ఒక పాత పద్ధతి ఉంది. సరిహద్దు దాటితే కోరాపుట్ ప్రాంతపు గదబలు పోయినవారి కోసం రాళ్ళు నిలుపుతారు. గోత్ర్ అనే పెద్ద కర్మ చేసి, దున్నలను బలి ఇచ్చి, బంధువులందరినీ పిలిచి ఆ పని చేస్తారు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1943లోనే దీన్ని గురించి రాశాడు. ఊరి మధ్య చెట్టుకింద అలాంటి రాళ్ళు గుంపుగా ఉంటాయి. ఊరి పెద్దలు కూర్చుని తగవులు తీర్చేది ఆ రాళ్ళమీదనే. రాతిమీద పేరు చెక్కరు. ఒక ఇంటివాడు పోయినందుకు నిలిపిన రాయి ఊరందరికీ కూర్చునే చోటయింది. ఆ కర్మలో ఖర్చు ఉంది, అప్పు ఉంది, నమ్మకాలున్నాయి. వాటినన్నిటినీ మెచ్చుకోమని నేననటం లేదు. ఆ రాయి చేసే పని మటుకు నాకు నచ్చింది.

శ్రీనివాస్ పేరిట పెట్టిన పురస్కారాన్ని నేను ఆ రాయితో పోల్చి చూస్తాను. కొడుకు మొదటి సినిమా పూర్తిచెయ్యలేకపోయాడు. తండ్రి, పరాయివారి పిల్లలు పూర్తిచేసిన మొదటి సినిమాలను వెతికి, కొడుకు పోయిన తేదీనే వాళ్ళను పిలిచి సత్కరించాడు. ఆ తేదీ ఏడవటానికి మాత్రమే మిగలకుండా ఇంకొకరి సంతోషానికి కూడా పనికివచ్చింది. అది చిన్న విషయం కాదు. ఒక తండ్రి తన దుఃఖాన్ని సొత్తుగా దాచుకోకుండా బయట పెట్టిన పద్ధతి అది. ఆయన అభిప్రాయాలతో పేచీ ఉన్న నేను కూడా ఈ పనికి నమస్కరిస్తాను. అయితే ఆ రాతిమీద కూర్చునేది అప్పటికే సినిమా తియ్యగలిగినవారు. ఆ పరిమితిని కూడా చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకా మిగిలింది. అది చెప్పకపోతే ఈ వ్యాసం నా విద్యార్థినికి అన్యాయం చేస్తుంది. ఈ రెండు మరణాలూ ఒక జాతివి కావు. ఒకటి ప్రమాదం. ఆ తండ్రికి మనం ఇవ్వగలిగింది ఓదార్పు. రెండోది అలాంటిది కాదు. ఆ కుర్రవాడికి జ్వరం. వాళ్ళ ఊరికి మోటారు రోడ్డు లేదు. కర్రకు దుప్పటి కట్టి, వంతులవారీగా భుజాలు మార్చుకుంటూ, వాగులు దాటి మోసుకొచ్చారు. రోడ్డు దగ్గరకు వచ్చేసరికి ప్రాణం లేదు. పెద్ద వైద్యం కావాలంటే అక్కడినుంచి విశాఖ ఇంకా నూరు కిలోమీటర్లకు పైన. ఇదే కొండల మీదుగా కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 1960లలో రైలుమార్గం వేశారు. ఇనపరాయి కోసం కొండలను యాభైకి పైగా సొరంగాలుగా తొలిచారు. ఆ ఇంజనీరింగు ప్రతిభ మెచ్చుకోదగిందే. ఖనిజానికి దారి దొరికిన కొండలో జ్వరం వచ్చిన మనిషికి దారి దొరకలేదంటే దాన్ని విధి అనగలమా?

మన సినిమాలూ, మన విషాద సాహిత్యమూ చావునంతా ఒకే గాటన కట్టి "విధి" అని పిలవటం అలవాటు చేశాయి. ప్రమాదంలో పోయిన కొడుకు విషయంలో ఆ మాట తండ్రికి కొంత ఊరట ఇస్తే ఇవ్వవచ్చు. డోలీలో పోయినవాడి విషయంలో అదే మాట అబద్ధం, నేరానికి ముసుగు. ఓదార్చవలసిన దుఃఖం ఉంది, జవాబు చెప్పవలసిన దుఃఖం ఉంది. మొదటిదానికి సాహిత్యం చాలవచ్చు. రెండోదానికి సాహిత్యం ఒక్కటే చాలదు, ప్రభుత్వం పలకాలి. ఈ తేడా చెరిపేసే కరుణరసం ఎంత మెత్తగా ఉన్నా అది పీడకుడికి పనికివచ్చే రసమే. నేను తరగతిలో చేసిన తప్పు అక్కడ ఉంది. ఆ అమ్మాయి నన్ను జవాబు అడిగింది. నేను ఆమెకు రసం బోధించాను.

కొన్నాళ్ళ తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, "మీ అన్నను గురించి రాయమ్మా, పత్రికకు పంపిద్దాం" అన్నాను. నేను ఆమెకు చోటు ఇస్తున్నాననుకున్నాను. వారం తర్వాత ఒక పేజీ తెచ్చింది. అందులో ఏడుపు లేదు. అన్న పేరు, వయస్సు, జ్వరం వచ్చిన రోజు, డోలీ మోసినవారి పేర్లు, ఎవరు ఎక్కడినుంచి ఎక్కడిదాకా మోశారో, ఎన్ని వాగులు దాటారో, ఎన్ని గంటలు పట్టిందో వరసగా రాసింది. "బాగుంది" అన్నాను. పత్రికకు పంపనా అని అడిగాను. "వద్దు సార్. తప్పులు దిద్ది ఇవ్వండి. కలెక్టరు గారి అర్జీల రోజున ఇస్తాం. మోసినవాళ్ళందరూ సంతకాలు పెడతామన్నారు" అంది.

నేను తప్పులు దిద్ది ఇచ్చాను. మూడే ఉన్నాయి. రోడ్డు ఇంకా రాలేదు. ఆ పేజీని ఇక్కడ అచ్చువేస్తే ఈ వ్యాసానికి బలం వచ్చేదని నాకు తెలుసు. అది ఆమె సొత్తు, ఆ మోసినవారి సొత్తు, గనక వెయ్యటం లేదు. పాఠకుల్లో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మీ తరగతిలో కూడా ఎవరో ఒకరు ఇటువంటి ప్రశ్న అడిగే ఉంటారు. వాళ్ళకు అలంకారశాస్త్రం చెప్పేముందు కాగితం ఇచ్చి చూడండి.